రెండు మెడికల్ కాలేజీల్లో ఏది ముందు పెట్టాలి? కౌన్సెలింగ్ రోజుల్లో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు

నీట్ రిజల్ట్ వచ్చిన వారం నుంచి నా ఫోన్ నాది కాదు. వాయిస్ మెసేజ్‌లో అమ్మాయి కాలేజీ గురించి అడుగుతుంటే వెనక నుంచి వాళ్ల నాన్న "ఫీజు అడుగమ్మా, ఫీజు" అంటుంటారు. నాలుగేళ్లుగా అవే ప్రశ్నలు, కాలేజీల పేర్లే మారుతున్నాయి, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. నేను ఒక పాత ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ చేసి ఇప్పుడు జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రుల వైపు నాకు కాస్త మొగ్గు ఉంది, అది తెలుసుకునే చదవండి. కౌన్సెలింగ్‌లో కాలేజీలని ఇష్టం వరసలో రాసి ఇవ్వడాన్నే ఇక్కడ ఆప్షన్లు పెట్టడం అంటున్నాను.

## ఆప్షన్లు పెట్టకముందు

డిగ్రీ ఎక్కడైనా ఒకటే కదా, దీనికింత ఆలోచన అవసరమా?

కాగితం మీద ఒకటే. తెలంగాణలో డీమ్డ్ యూనివర్సిటీలు (సొంతంగా డిగ్రీ ఇచ్చేవి), కేంద్రం నడిపే ఎయిమ్స్ వదిలేస్తే మిగతా కాలేజీలన్నీ వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కిందే ఉంటాయి, ఆంధ్రలో చాలావరకు విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కింద. ప్రశ్నపత్రం అందరికీ ఒకటే, సర్టిఫికెట్ మీద యూనివర్సిటీ పేరూ ఒకటే. నీట్ పీజీలో నువ్వు ఏ కాలేజీ అని ఎవరూ అడగరు. తేడా వార్డులోకి అడుగు పెట్టాక మొదలవుతుంది. పుస్తకంలో చదివిన జబ్బు మంచం మీద కనిపించాలి, నలుగురు రోగుల పొట్ట తడిమితే గానీ పెరిగిన కాలేయం చేతికి తగలడం అంటే ఏంటో తెలియదు. అందుకే కాలేజీ ఎంచుకోవడం అంటే నా దృష్టిలో దానికి అనుబంధంగా ఉన్న ఆసుపత్రిని ఎంచుకోవడమే. ఆసుపత్రిలో జనం ఉంటే మిగతా లోటు చాలావరకు మీరే పూడ్చుకోగలరు.

ఉస్మానియానా, గాంధీనా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లని చూస్తే నాకు కొంచెం అసూయ, ముందు అది చెప్పేస్తున్నా. ఉస్మానియా 1846లో మెడికల్ స్కూల్‌గా మొదలైంది, గాంధీ 1954లో వచ్చింది. రెండింట్లోనూ 250 సీట్లు, రెండింట్లోనూ రోగులకు కొదవ లేదు. అసలు తేడా తిరగడంలో ఉంది. ఉస్మానియా వాళ్లకి కాలేజీ కోఠిలో, జనరల్ ఆసుపత్రి అఫ్జల్‌గంజ్‌లో, పిల్లల వార్డుకి నిలోఫర్, కంటికి మెహదీపట్నం సరోజినీదేవి, ఛాతీ జబ్బులకి ఎర్రగడ్డ, జ్వరాలకి నల్లకుంట. ఒక్కో ఆసుపత్రిలో ఒకే రకం కేసులు వందల్లో చూస్తారు, కానీ పోస్టింగ్ మారినప్పుడల్లా సిటీ బస్సులో సగం జీవితం పోతుంది. గాంధీలో కాలేజీ, ఆసుపత్రి అన్నీ ఒకే ప్రాంగణం, గేటు దగ్గరే మెట్రో స్టేషన్. ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనానికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది, కానీ భవనాన్ని చూసి ఆప్షన్ పెట్టొద్దు, అది పూర్తయి సామాన్లు సర్దుకునేసరికి మీరు ఏ సంవత్సరంలో ఉంటారో ఎవరు చెప్పగలరు. ఒకేచోట ఉండి చదువుకోవాలి అనుకునేవాళ్లకి గాంధీ, ఊరంతా తిరిగినా పర్లేదు అనుకునేవాళ్లకి ఉస్మానియా. ఇందులో ఏది వచ్చినా బాధపడేవాళ్లని ఓదార్చే ఓపిక నాకు లేదు.

మా ఊరి పక్కనే కొత్త ప్రభుత్వ కాలేజీ వచ్చింది. పాత కాలేజీ 200 కిలోమీటర్ల దూరం. ఏది పెట్టమంటారు?

ఎక్కువమంది అడిగేది ఇదే. తెలంగాణలో 2022లో ఒకేసారి ఎనిమిది ప్రభుత్వ కాలేజీలు మొదలయ్యాయి, ఆ తర్వాత రెండేళ్లూ ఇంకా వచ్చాయి. ఆంధ్రలో 2023లో విజయనగరం, రాజమండ్రి, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల తెరుచుకున్నాయి. వీటిలో చాలావాటికి అప్పటిదాకా జిల్లా ఆసుపత్రిగా ఉన్నదే బోధనాసుపత్రి అయింది. ప్రసవాలు, జ్వరాలు, పాముకాట్లు, పురుగుమందు తాగిన కేసులు బాగా వస్తాయి. కానీ కేసు కాస్త క్లిష్టంగా కనిపిస్తే అంబులెన్స్ ఎక్కించి పెద్దాసుపత్రికి పంపేస్తారు. ఆ పెద్దాసుపత్రి ఏదో మీకు తెలుసు, వరంగల్ ఎంజీఎం, విశాఖ కేజీహెచ్, కర్నూలు జీజీహెచ్ లాంటివి. కేజీహెచ్‌కి ఒడిశా నుంచి కూడా రోగులు వస్తారు, కర్నూలుకి కర్ణాటక సరిహద్దు నుంచి వస్తారు. ఆ అంబులెన్స్ ఎక్కడ ఆగుతుందో అక్కడ చదవడమే మేలని నా అభిప్రాయం.

ఇంకో వైపు కూడా ఉంది. పెద్ద కాలేజీలో పీజీలు (ఎంబీబీఎస్ అయ్యాక పై చదువు చదివే డాక్టర్లు) ఎక్కువ, కుట్లు వేసే అవకాశం, గొట్టం వేసే అవకాశం ముందు వాళ్లకే, హౌస్ సర్జన్ (చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ చేసేవాడు) రక్తం శాంపిళ్లు పట్టుకుని ల్యాబుకి పరిగెడుతుంటాడు. పీజీలు లేని కొత్త కాలేజీలో మీ చేతికే పని వస్తుంది. అయితే పక్కన నిలబడి "అలా కాదు, సూది ఇలా తిప్పు" అనే మనిషి ఉంటేనే అది నేర్చుకోవడం. ఆ మనిషి ఉన్నారో లేదో కనుక్కోండి. ఉన్నారని గట్టిగా తెలిస్తే, ఇంట్లో పరిస్థితి కూడా దగ్గర ఉండమంటుంటే, కొత్తదాన్ని పైన పెట్టినా నేను తప్పు పట్టను. లేదంటే పాతదే.

హైదరాబాద్ పక్కన ప్రైవేటులో కన్వీనర్ సీటు మంచిదా, జిల్లాలో కొత్త ప్రభుత్వ కాలేజీ మంచిదా?

తెలంగాణ ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ కోటా (ర్యాంకుని బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో తక్కువ ఫీజుకి ఇచ్చే సీట్లు) ఫీజు చాలా ఏళ్లుగా ఏడాదికి 60,000 రూపాయలు. ఇది విని "అంతేనా" అనుకుంటారు, కానీ హాస్టల్, మెస్, బస్సు, ఇంకా రకరకాల పేర్లతో వసూలు చేసేవి కలిపితే కొన్నిచోట్ల అంతకు మూడింతలు దాటుతుంది. డబ్బు సరే, నా అభ్యంతరం మంచాల గురించి. కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో భవనం మెరిసిపోతుంది, లిఫ్టు పనిచేస్తుంది, వార్డులో మాత్రం దుప్పటి మడత చెదరదు. తనిఖీ రోజున ఊళ్ల నుంచి బస్సుల్లో జనాన్ని తెచ్చి పడుకోబెట్టే కథలు మీరూ వినే ఉంటారు. అలాగని అన్నీ అంతే అనను, ఇరవై ఏళ్లకు పైగా నడుస్తూ నిజంగానే ఓపీ కిటకిటలాడే ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి, వాటిలో కన్వీనర్ సీటు వస్తే నిన్న గాక మొన్న పెట్టిన ప్రభుత్వ కాలేజీ కంటే పైన పెట్టొచ్చు.

ఎయిమ్స్ వస్తే రాష్ట్రంలోని పాత కాలేజీని వదులుకోవాలా?

బీబీనగర్ ఎయిమ్స్‌లో ఎంబీబీఎస్ 2019లో, మంగళగిరిలో 2018లో మొదలైంది. ఫీజు దాదాపు లేనట్టే, బ్యాచ్ చిన్నది, పరిశోధన మీద ఆసక్తి ఉంటే వాతావరణం బాగుంటుంది. ఆంధ్రా మెడికల్ కాలేజీకి 1923 నుంచి, గుంటూరుకి 1946 నుంచి పోగుపడిన రోగుల రద్దీ మాత్రం కొత్త ఎయిమ్స్‌కి ఇంకా రాలేదు. నేనైతే క్యాజువాలిటీ గోల ఇష్టపడే రకం కాబట్టి పాత కాలేజీకే వెళ్తాను. మా రూమ్మేట్ నన్ను పిచ్చోడంటాడు.

పోయినేడాది కటాఫ్ ఎక్కడ ఎక్కువుంటే అదే మంచి కాలేజీయా?

కటాఫ్ జనం ఏది కోరుకున్నారో చెబుతుంది, అంతే. హైదరాబాద్‌కి దగ్గరగా ఉందనో, రైలు ఆగుతుందనో, మా అక్క అక్కడే ఉంటుందనో పెట్టుకున్నవాళ్లందరూ కలిసి ఆ అంకెని పైకి లాగుతారు. మీకు సీటు వచ్చే అవకాశం ఎంతో అంచనా వేయడానికి వాడుకోండి.

## కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు

ఏ రోజు వెళ్లాలి, ఏం చూడాలి?

సోమవారం గానీ మంగళవారం గానీ ఉదయం పదింటికి వెళ్లండి. కాలేజీ గేటు దగ్గర ఆగకుండా నేరుగా ఆసుపత్రి ఓపీ చీటీలు రాసే కిటికీ దగ్గరికి పోయి పక్కనే పావుగంట నిలబడండి. క్యూ ఎంత ఉందో కళ్లతో చూస్తే వెబ్‌సైట్‌లో రాసిన అంకెలు అక్కర్లేదు. ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) 2023 నిబంధనల ప్రకారం 100 సీట్ల కాలేజీకి 420 పడకలు, 150 సీట్లకి 605 పడకలు ఉండాలి. పడకలు ఉండటం ఒకటి, వాటి మీద మనుషులు ఉండటం ఇంకొకటి. మెడిసిన్ వార్డు, గైనిక్ వార్డు గుమ్మం నుంచి తొంగి చూడండి, లోపలికి వెళ్లి జబ్బుపడ్డవాళ్లని ఇబ్బంది పెట్టొద్దు. తర్వాత ఆసుపత్రి ముందున్న టీ బండి అతన్ని అడగండి, రాత్రి ఎన్ని గంటలదాకా బేరం ఉంటుందని. నేను నవ్వులాటకి చెప్పడం లేదు, రాత్రి రెండింటికి టీ అమ్ముడుపోయే ఆసుపత్రిలో క్యాజువాలిటీ బతికి ఉన్నట్టే.

సీనియర్లని ఏమని అడగాలి? "బాగుందా" అంటే "బాగుంది" అంటున్నారు.

అలా అడిగితే అంతే చెబుతారు. డిసెక్షన్ హాల్లో ఒక్కో బాడీకి ఎంతమంది స్టూడెంట్లు అని అడగండి. పోయిన నెల వార్డులో క్లాసు చెప్పింది అసిస్టెంట్ ప్రొఫెసరా, పీజీనా, లేక ఎవరూ రాలేదా అని అడగండి. ఇంటర్నల్ మార్కుల్లో ఇబ్బంది పెడతారా, ఫస్టియర్లో సప్లీలు ఎన్ని, హౌస్ సర్జన్లకి స్టైపెండ్ ఏ నెలది ఏ నెలలో పడుతోంది. ఒక్కరినే నమ్మొద్దు, ముగ్గురిని అడగండి, అందులో ఒకరు హౌస్ సర్జన్ అయి ఉండాలి. ఫస్టియర్ వాడికి ఆసుపత్రి గురించి మీకు తెలిసినంతే తెలుసు.

అమ్మాయిని అంత దూరం పంపాలంటే భయంగా ఉంది. హాస్టల్ గురించి ఏం చూసుకోవాలి?

తల్లిదండ్రులు గదులు చూస్తారు, బాత్రూములు చూస్తారు. హాస్టల్ నుంచి ఆసుపత్రికి మధ్య ఉన్న దారి ఎవరూ చూడరు. చివరి ఏడాది రాత్రి డ్యూటీలు ఉంటాయి, తెల్లవారుజామున మూడింటికి ఆ దారిలో దీపాలు ఉంటాయా, గేటు తీస్తారా, వాచ్‌మన్ ఉంటాడా, అది చూడాలి. కొత్త కాలేజీల్లో చాలాచోట్ల హాస్టల్ అద్దె భవనంలో, ఊరికి ఇంకో చివర ఉంటుంది. ఆసుపత్రిలో ఆడ హౌస్ సర్జన్లకి విడిగా డ్యూటీ రూము, దానికి లోపలి గడియ ఉన్నాయా అని అడగడానికి మొహమాటపడొద్దు అంకుల్.

ర్యాగింగ్ పాత కాలేజీల్లో ఎక్కువంటారు, నిజమేనా?

సీనియర్లే లేని కొత్త కాలేజీలో ఉండదు, అంతవరకు నిజం. మిగతాచోట్ల కాలేజీ పాతదా కొత్తదా అన్నదానికంటే వార్డెన్ ఎలాంటివారన్నదే ముఖ్యం. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522, ఫోన్లో వేసి పెట్టుకోండి.

## డబ్బు సంగతి

బీ కేటగిరీకి మంచి ప్రైవేటు కాలేజీ వస్తోంది. అప్పు చేసి చేర్చాలా?

బీ కేటగిరీ అంటే ప్రైవేటు కాలేజీలో ఎక్కువ ఫీజుండే మేనేజ్‌మెంట్ సీటు. ఏడాదికి 12 లక్షల చుట్టుపక్కల ఫీజు అనుకుంటే నాలుగున్నరేళ్లకి 54 లక్షలు, హాస్టల్ వేరే. కోర్సు నాలుగున్నరేళ్లయితే ఐదేళ్ల ఫీజు అడిగే కాలేజీలు ఉన్నాయి, చేరకముందే రాతపూర్వకంగా అడగండి. మిగతా ఏళ్ల ఫీజుకి బ్యాంకు గ్యారంటీ కూడా అడుగుతారు, అంటే ఇల్లో పొలమో తాకట్టులోకి వెళ్తుంది. ఎంబీబీఎస్ అయ్యాక వెంటనే వచ్చే జీతంతో ఈ అప్పు తీరదు, పీజీ అయ్యేదాకా ఆగాలి, ఆ పీజీకి మళ్లీ డబ్బు కావాల్సి రావచ్చు. ఇంట్లో ఆస్తి ఉండి ఇబ్బంది లేదంటే సరే. ఉన్న రెండెకరాలు అమ్మి చేర్చడం మాత్రం నాకు ఇష్టం లేదు, ఆ బరువు పిల్ల నెత్తిన పడుతుంది, సప్లీ వచ్చిన రోజు ఇంటికి ఫోన్ చేయడానికి భయపడే పిల్లల్ని నేను చూశాను. మార్కులు దగ్గర్లో ఆగితే ఒక్క ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని మళ్లీ నీట్ రాయడం చౌక.

ఆంధ్రలో కొత్త ప్రభుత్వ కాలేజీలో సీటు అన్నారు, ఫీజు 12 లక్షలు అంటున్నారు. మోసమా?

మోసం కాదు. 2023లో మొదలైన ఆ కాలేజీల్లో కొన్ని సీట్లని సెల్ఫ్ ఫైనాన్స్ కింద ఏడాదికి 12 లక్షలకి, ఎన్నారై కోటా కింద 20 లక్షలకి పెట్టారు. దీని మీద గొడవలు, రాజకీయాలు చాలా నడిచాయి కాబట్టి మీరు చేరే ఏడాది జీవో చదివే ఆప్షన్ పెట్టండి. పేరులో ప్రభుత్వం అని ఉంది కదా అని ఫీజు కాలమ్ చూడకుండా టిక్ కొట్టిన ఇల్లు ఒకటి నాకు తెలుసు.

బీ కేటగిరీ బదులు జార్జియా, కిర్గిజ్‌స్తాన్ వెళ్తే సగంలో అయిపోతుంది కదా?

ఫీజు సగం, మెలికలు రెట్టింపు. ఎన్‌ఎంసీ 2021 నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లీషులో చెప్పాలి, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. వచ్చాక ఎఫ్‌ఎంజీఈలో (విదేశాల్లో చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన పరీక్ష) 300కి 150 తెచ్చుకోవాలి, ఆ తర్వాత ఇక్కడ మళ్లీ ఇంటర్న్‌షిప్. అక్కడి రోగి మాట్లాడే భాష మీకు రాదు, ఇది ఏజెంట్ చెప్పడు. ఇక్కడ రోగులు వచ్చే కాలేజీలో బీ కేటగిరీ సీటు చేతిలో ఉండి, డబ్బు కూడా ఉంటే, విమానం ఎక్కాల్సిన పని లేదు.

స్టైపెండ్ అన్నిచోట్లా ఒకటేనా?

తెలంగాణ ప్రభుత్వ కాలేజీల్లో 2025లో పెంచాక హౌస్ సర్జన్‌కి నెలకి 29,792 రూపాయలు. ప్రైవేటులోనూ అంతే ఇవ్వాలని నిబంధన, ఇస్తున్నారా అన్నది అక్కడి హౌస్ సర్జన్‌ని పక్కకి పిలిచి అడగండి. ఖాతాలో వేసి, తిరిగి తీసుకునే చోట్లు కూడా ఉన్నాయని వింటుంటాం.

## రౌండ్లు నడుస్తున్నప్పుడు

నా ర్యాంకుకి వచ్చేది ఎలాగూ మూడో కాలేజీయే. దాన్నే మొదట పెట్టేయనా?

వద్దు, వద్దు, వద్దు. మీ ర్యాంకుకి పైనుంచి ఒక్కో ఆప్షన్ చూసుకుంటూ వచ్చి, ఖాళీ ఉన్న మొదటిదాన్ని ఇస్తుంది సాఫ్ట్‌వేర్. రాదనుకున్న కాలేజీని పైన పెడితే పోయేదేమీ లేదు. వచ్చేదాన్ని మొదట పెడితే మాత్రం అదే వస్తుంది, ఆపైన వేరేది ఖాళీ అయినా మీకు రాదు. కింద చివర్లో మాత్రం చేరడానికి అస్సలు ఇష్టం లేని కాలేజీలు పెట్టకండి, అలా పెట్టి వచ్చాక ఏడ్చేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

ఆల్ ఇండియా కోటాలో మహారాష్ట్ర వచ్చింది, స్టేట్‌లో కూడా వచ్చేలా ఉంది. ఏం చేయాలి?

ఆల్ ఇండియా కోటా అంటే దేశమంతటి విద్యార్థులకీ కలిపి నింపే సీట్లు. అందులో మొదటి రౌండ్‌లో చేరకపోయినా నష్టం లేదు. రెండో రౌండ్‌లో వచ్చిన సీటులో చేరకపోతే డిపాజిట్ పోతుంది, అది ప్రభుత్వ కాలేజీలకి జనరల్ వాళ్లకి 10,000, డీమ్డ్‌కి 2 లక్షలు. మూడో రౌండ్‌లో చేరాక వదిలేసి స్టేట్‌కి రావడం కుదరదు, కాబట్టి తేదీలు గోడ మీద రాసి పెట్టుకోండి. ఇంకొకటి, బాండ్. మహారాష్ట్ర ప్రభుత్వ కాలేజీలో చదివితే ఏడాది సర్వీస్ చేయాలి, లేదంటే 10 లక్షలు కట్టాలి. భాష సంగతి కూడా చిన్నది కాదు, వార్డులో రోగి మరాఠీలో "పోట్ దుఖతంయ్" అంటాడు, మొదటి ఆర్నెల్లు తల ఊపడమే సరిపోతుంది. ఆ తర్వాత అలవాటవుతుంది, మా కజిన్ ఇప్పుడు మరాఠీలోనే తిడతాడు.

రెండో రౌండ్‌లో పై కాలేజీ వచ్చాక, పాతదే నయం అనిపిస్తే వెనక్కి రావచ్చా?

రాలేరు. పైది వచ్చిన క్షణమే కిందిది ఇంకొకరికి వెళ్లిపోతుంది. రెండో రౌండ్‌కి ముందే మళ్లీ కూర్చుని, ఇప్పుడున్నదానికంటే నిజంగా మేలైనవే ఉంచి మిగతావి తీసేయండి.

## చేరాక

మొదటి ఏడాది అయ్యాక వేరే కాలేజీకి మారొచ్చా?

ఒకప్పుడు మైగ్రేషన్ ఉండేది. 2023 నిబంధనల్లో ఎన్‌ఎంసీ ఆ దారి మూసేసింది. దాని మీద కోర్టుకి వెళ్లినవాళ్లు ఉన్నారు, కానీ కోర్టుని నమ్ముకుని కాలేజీలో చేరకూడదు. ఇంటర్న్‌షిప్ కూడా చదివిన చోటే చేయాలి, కాబట్టి ఐదున్నరేళ్లు అక్కడే అనుకుని లెక్క వేసుకోండి.

చేరిన కాలేజీకి అనుమతి రద్దయితే మా పరిస్థితి ఏంటి?

2022లో తెలంగాణలో మూడు ప్రైవేటు కాలేజీలకి అలా జరిగింది. అప్పుడు విద్యార్థుల్ని మిగతా కాలేజీలకి సర్దారు, సీటు పోలేదు, కానీ నెలల తరబడి రోడ్డు మీద ధర్నాలు, కోర్టులు, ఇంట్లో టెన్షన్. కొత్త ప్రైవేటు కాలేజీ అయితే దానికి ఈ ఏడాది అనుమతి ఉందో లేదో ఎన్‌ఎంసీ సైట్‌లో చూసుకుని మరీ ఫీజు కట్టండి.

ఇంటి నుంచి రోజూ తిరిగి చదవొచ్చా?

గంటలోపు ప్రయాణమైతే ఫస్టియర్ నెట్టుకురావచ్చు. థియరీకి 75, ప్రాక్టికల్స్‌కి 80 శాతం హాజరు ఉండాలి, ఒక్క బస్సు తప్పితే ఉదయం హాజరు పోతుంది. థర్డ్ ఇయర్ నుంచి హాస్టల్ తీసుకోండి. సాయంత్రం వార్డుకి మళ్లీ వెళ్లి కేసు రాసుకునేవాడికి, ఐదింటికి బస్సు ఎక్కేవాడికి ఫైనల్ ప్రాక్టికల్స్‌లో తేడా తెలిసిపోతుంది, ఎగ్జామినర్ అడగక్కర్లేదు కూడా.

చేరే రోజు ఏం పట్టుకెళ్లాలి?

ఒరిజినల్స్ తీసుకుని కాలేజీ తన దగ్గరే పెట్టుకుంటుంది, కాబట్టి ఇచ్చే ముందే అన్నీ స్కాన్ చేసి మూడు సెట్లు జెరాక్స్ తీయించండి. పాస్‌పోర్ట్ ఫోటోలు ఓ పాతిక, అలాట్‌మెంట్ ఆర్డర్, ఫీజు రసీదు. హాస్టల్ గదికి ఒక మంచి తాళం కప్ప ఊళ్లోనే కొనుక్కుని వెళ్లండి, అక్కడి గేటు ముందు షాపులో ఆ రోజు ఒక్కరోజు రేటు రెట్టింపు ఉంటుంది.